ప్రయోగం, ఉపసంహారం

బెర్లిన్ నగరానికి ఉత్తరపు కొసన, ఐష్‌బోర్న్‌డామ్ అనే వీధిలో ఒక పాత ఫ్యాక్టరీ భవనం ఉంది. 2001 నుంచీ అందులో బెర్లిన్ రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంటోంది. తాతముత్తాతల జాడ వెతుక్కునేవాళ్ళు, పరిశోధక విద్యార్థులు, పాత ఇంటి ప్లాను కావలసినవాళ్ళు వచ్చి, చప్పుడు చెయ్యకుండా కాగితాలు తిప్పుకుంటూ కూచుంటారు. ఒకప్పుడు అది జర్మన్ ఆయుధాల, మందుగుండు కర్మాగారం. జర్మన్ పేరులోని మొదటి అక్షరాలు కలిపి డి.డబ్ల్యు.ఎమ్. అనేవారు. ఆ కంపెనీ తంతి చిరునామా ‘పారాబెల్లమ్, బెర్లిన్’. శాంతి కావాలంటే యుద్ధానికి సిద్ధపడమని చెప్పే ఒక పాత లాటిన్ సామెత ఉంది, అందులోని చివరి రెండు మాటలవి. ఆ కంపెనీలో పనిచేసిన గెయోర్గ్ లూగర్ 1902 ప్రాంతంలో తయారుచేసిన 9 మిల్లీమీటర్ల తూటాకి కూడా అదే పేరు స్థిరపడిపోయింది. ఇవాళ ప్రపంచంలో పోలీసుల నడుముకి వేలాడే పిస్తోళ్ళలో చాలావాటిలో పట్టేది ఆ తూటాయే. మన దేశంలో పోలీసు కార్బైన్లలో పట్టేదీ అదే. తంతివార్తలు పోయాయి, కంపెనీ ఆ భవనంలోంచి పోయింది, చిరునామా మాత్రం తూటాలకి మిగిలింది.

ఈ కంపెనీ పూర్వచరిత్ర ఇంకా విచిత్రం. లుడ్విగ్ లోవె అనే ఆయన 1869లో బెర్లిన్‌లో కుట్టుమిషన్లు తయారుచెయ్యడానికి ఒక సంస్థ పెట్టాడు. కుట్టుమిషనుకి కావలసిన చిన్నచిన్న భాగాల్ని వేలకొద్దీ, ఒకదానికొకటి తేడా లేకుండా చెయ్యడం చాతనైనవాడికి తుపాకి భాగాలు చెయ్యడం పెద్ద లెక్క కాదు. కొన్నేళ్ళకే ఆయన అటు తిరిగాడు. 1896లో ఆ సంస్థ మందుగుండు విభాగమూ మరికొన్ని కంపెనీలూ కలిసి డి.డబ్ల్యు.ఎమ్. అయింది.

నాకు తుపాకుల మీద మోజు లేదు. యుద్ధకాలపు వస్తువులు పోగుచేసేవాళ్ళని చూస్తే కాస్త దూరంగానే జరుగుతాను. కానీ ఇరవయ్యేళ్ళుగా ప్రోగ్రాములు రాయడం, రాయించడం పనిగా పెట్టుకున్నవాణ్ణి కాబట్టి ఒక ప్రశ్న నన్ను వదలదు. ఒక వస్తువు ‘బాగా చేసింది’ అని మెచ్చుకున్నప్పుడు ఆ మెప్పుకి ఆ వస్తువు చేసే పనితో సంబంధం ఉండాలా, అక్కర్లేదా? ఈ ఊళ్ళో ఆ ప్రశ్నకి అన్నిటికంటే సూటి ఉదాహరణ సబ్‌మెషీన్ గన్ అని నాకనిపిస్తుంది. మన ఊళ్ళలో దానికి ఒకటే పేరుండేది, స్టెన్‌గన్. అది ఎవరి తయారీ అయినా సరే, సినిమా విలను చేతిలో ఉన్నా, బ్యాంకు ముందు నిలబడ్డ పోలీసు భుజానికి ఉన్నా అది స్టెన్‌గనే. 1984 అక్టోబరు 31 తర్వాత ఆ మాట తెలియని పిల్లవాడు తెలుగుదేశంలో లేడు.

అది పనిచేసే తీరు చెబితే బొమ్మ గీయకుండానే అర్థమవుతుంది. ఒక ఇనప గొట్టం. లోపల బరువైన ఉక్కు ముద్ద, దాన్నే బోల్టు అంటారు. దాని వెనక ఒక స్ప్రింగు. ట్రిగ్గరు నొక్కితే స్ప్రింగు తోపుకి బోల్టు ముందుకు దూకి, మ్యాగజైన్‌లోంచి ఒక తూటాని తోసుకుపోయి, గొట్టంలో కూర్చోబెట్టి పేలుస్తుంది. ఆ పేలుడు వెనక్కి తన్నే తన్నుకే బోల్టు వెనక్కి వస్తుంది, దారిలో ఖాళీ తొడుగు పక్కకి ఎగిరిపోతుంది, స్ప్రింగు మళ్ళీ తోస్తుంది. అంతే. మా భాషలో చెప్పాలంటే అదొక లూపు, ఆగడానికి షరతు ఒక్కటే, మనిషి వేలు.

1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆఖరి దశలో కందకాల్లోకి చొరబడే జర్మన్ దళాల చేతికి ఇది ఎమ్‌పి 18 అన్న పేరుతో వచ్చింది. జూల్ అనే ఊళ్ళోని బెర్గ్‌మన్ ఫ్యాక్టరీలో హ్యూగో ష్మైసర్ దాన్ని రూపొందించాడు. రైఫిలుతో గురిచూసి కొట్టడానికి ఊపిరి బిగబట్టడం తెలియాలి, దూరం అంచనా తెలియాలి, గాలివాటం తెలియాలి. ఒక తూటా వదిలి ఇంకోటి ఎక్కించేలోపు చెయ్యి వణక్కూడదు. దానికి నెలల శిక్షణ కావాలి. కందకంలో, మెట్ల మలుపులో, ఇరుకు గదిలో శత్రువు పదడుగుల్లో ఉన్నప్పుడు ఇవేవీ అక్కర్లేదు, అటు తిప్పి నొక్కితే చాలు. వంద, నూటయాభై మీటర్లు దాటితే దీనికి పెద్దగా విలువ లేదు. అంత దగ్గర పనికోసమే ఇది పుట్టింది.

ఇరవయ్యేళ్ళ తర్వాత ఎర్ఫుర్ట్‌లోని ఎర్మా కంపెనీ ఎమ్‌పి 38ని, రెండేళ్ళకి ఎమ్‌పి 40ని తెచ్చింది. సినిమాల్లో జర్మన్ సైనికుడంటే మనకి గుర్తొచ్చే మడత పిడి తుపాకి ఇదే. (సినిమాల్లోలాగా ప్రతివాడి చేతిలోనూ ఉండేది కాదు. మామూలు సిపాయికి పాత రైఫిలే. దీన్ని ‘ష్మైసర్’ అనడమూ పొరపాటే, ఆయనకి దీని రూపకల్పనతో సంబంధం లేదు, హైన్రిష్ ఫోల్మర్ వగైరాల పని అది.) 38కీ 40కీ చూడ్డానికి తేడా తెలియదు. తేడా అంతా తయారీలో ఉంది. మొదటిదాంట్లో ముఖ్యభాగాల్ని మిల్లింగ్ మిషన్ మీద ఉక్కులోంచి చెక్కి తీసేవారు. రెండోదాంట్లో రేకుని ప్రెస్సులో నొక్కి, వంచి, వెల్డింగు చేశారు. లోహం తగ్గింది, గంటలు తగ్గాయి, పనివాడికి కావలసిన నైపుణ్యం తగ్గింది. యుద్ధం అయ్యేసరికి పది లక్షలు పైబడి తయారయ్యాయి.

ఇవన్నీ మొదటిసారి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట నిజమైనదే, లేదని బుకాయించను. భాగాల సంఖ్య తగ్గించడం, పెద్ద పనితనం లేనివాడితో కూడా చేయించగలగడం, ఏ వర్క్‌షాపులో చేసినా ఒకదాని భాగం ఇంకోదానికి సరిపోవడం, ఇవన్నీ నాకు కంప్యూటర్ సైన్సు ఎమ్మెస్‌లో మంచి డిజైను లక్షణాలని నేర్పినవే. ఉద్యోగంలో చేరినవాళ్ళకి నేను నేర్పేవీ అవే.

బ్రిటిష్‌వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. 1940లో డన్‌కిర్క్ నుంచి పారిపోయి వచ్చేటప్పుడు ఆయుధాల్లో చాలావాటిని అక్కడే వదిలేశారు. అమెరికా థాంప్సన్ గన్‌లు కొందామంటే ఒక్కోటి వందల డాలర్ల మాట. 1941లో షెపర్డ్, టర్పిన్ అనే ఇద్దరు కలిసి ఎన్‌ఫీల్డ్‌లో ఒకటి తయారుచేశారు. వాళ్ళ పేర్లలో మొదటి అక్షరాలకి ఎన్‌ఫీల్డ్‌లోని రెండక్షరాలు కలిపితే స్టెన్. చూడ్డానికి కుళాయి పనివాడు మధ్యాహ్నం భోజనానికి లేచి సగంలో వదిలేసిన గొట్టంలా ఉంటుంది. ఖరీదు పది డాలర్ల చిల్లర. జర్మన్ల తూటానే ఇందులోనూ పట్టేటట్టు చేశారు, శత్రువు దగ్గర దొరికింది దొరికినట్టు వాడుకోవచ్చని. కుట్టుమిషన్ల సింగర్ కంపెనీ క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో వీటిని చేసింది. ట్రై-యాంగ్ బొమ్మకార్లు చేసే లైన్స్ బ్రదర్స్ కంపెనీ ఒక రకం స్టెన్‌ని లక్షల్లో చేసింది. మొత్తం నలభై లక్షలు దాటాయి.

ఇక్కడ సాఫ్ట్‌వేరువాళ్ళు నవ్వుకునే ముక్క ఒకటుంది. జర్మన్ మ్యాగజైన్‌లో తూటాలు రెండు వరసల్లో పేర్చి ఉంటాయి, పైకి వచ్చేసరికి ఒకే వరసలోకి ఇరుక్కోవాలి. కాస్త మట్టి పడితే అక్కడ చిక్కుకుంటాయి. స్టెన్‌కి ఆ మ్యాగజైన్ నమూనానే తీసుకున్నారు, లోపంతో సహా. అది మన సైన్యానికీ, పోలీసులకీ వారసత్వంగా వచ్చింది. ఎర్ఫుర్ట్, జూల్‌లలో పుట్టిన బగ్గు మన పోలీసు స్టేషన్ల దాకా నడిచి వచ్చింది. కిందపడితే దానంతటదే పేలే జబ్బు కూడా ఉంది దీనికి. బోల్టు బరువుకి అదే వెనక్కి జరిగి ముందుకు దూకుతుంది. బారికేడ్ల దగ్గర కానిస్టేబుళ్ళు దాన్ని అంత జాగ్రత్తగా పట్టుకునేది అందుకేనేమో.

1944 చివరికి చక్రం పూర్తిగా తిరిగింది. జర్మనీలో ఉక్కు లేదు, పనివాళ్ళు లేరు, ఫ్యాక్టరీల్లో చాలా పని దేశదేశాలనుంచి బలవంతంగా తెచ్చినవాళ్ళతో నడుస్తోంది. (ఆ కథ తెలుసుకోవాలంటే బెర్లిన్ షోనెవైడెలో వాళ్ళ పాత బ్యారకుల్లోనే ఒక కేంద్రముంది, చూడవలసిన చోటు.) అప్పుడు జర్మన్లు ఒకప్పుడు చూసి నవ్విన స్టెన్‌నే కాపీ కొట్టారు. మౌజర్ కంపెనీ బ్రిటిష్ ముద్రలతో సహా అచ్చు దింపింది. ఆ పనికి పెట్టిన మారుపేరు ‘పోట్స్‌డామ్ పరికరం’. పోట్స్‌డామ్ మా ఊరికి పక్కనే, ఎస్-బాన్ రైలెక్కితే వెళ్ళిపోవచ్చు. 1945 మొదట్లో ఇంకా సులువు చేసి ఎమ్‌పి 3008 అన్నారు. ఫోల్క్స్‌ష్టుర్మ్ అనే జనసేన అవసరాలు తీర్చడానికి వేసిన పథకం అది. 16 నుంచి 60 ఏళ్ళ మధ్య మిగిలిన మగవాళ్ళందర్నీ అందులోకి లాగమని 1944 సెప్టెంబరులో హిట్లర్ ఆజ్ఞ. 1945 ఏప్రిల్‌లో బెర్లిన్ పడమట హావెల్ నది మీది వంతెనల దగ్గర హిట్లర్ యూత్ కుర్రాళ్ళని నిలబెట్టారు. వాళ్ళలో కొందరికి పదహారేళ్ళు కూడా లేవు.

ఈ తుపాకి చరిత్ర అంతా చదివాక నాకు కనిపించిన సంగతి ఇది. ఎక్కువమందిని చంపడం ఇది కొత్తగా కనిపెట్టిన విద్య కాదు, ఫిరంగులకి ఆ విద్య ఎప్పుడో తెలుసు. ఇది చేసినదల్లా తీసివేతలు. మొదట గురి చూసే నేర్పు తీసేసింది, తర్వాత శిక్షణ కాలం, తర్వాత తయారుచేసేవాడి పనితనం, తర్వాత ఖరీదు. ఆఖరికి ఎవరూ లెక్కలో చూసుకోనిది ఇంకోటి కూడా పోయింది. నేర్చుకునే నెలల్లో మనిషికి ఆలోచించుకోవడానికి దొరికే వ్యవధి. పిల్లవాడి చేతికి రైఫిలిస్తే అది వాడికి రాదు, రాకపోవడమే వాడికో రక్షణ. ఇది ఇస్తే వచ్చేస్తుంది.

మన భారతంలో ఈ విషయం మీద పెద్ద చర్చే ఉంది. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రం వేస్తాడు, దానికి విరుగుడుగా అర్జునుడూ వేస్తాడు. వ్యాసుడూ నారదుడూ మధ్యలో నిలబడి వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడు ఉపసంహరిస్తాడు. అశ్వత్థామకి ప్రయోగం వచ్చుగానీ ఉపసంహారం రాదు. ద్రోణుడు శిష్యుడికి ఇష్టపడి నేర్పిన విద్యని కొడుక్కి, వాడు అడగ్గా అడగ్గా, అయిష్టంగా చెప్పాడు. అస్త్రం కోసం తపస్సు చెయ్యడం, అధికారం సంపాదించడం అనేవి చిన్నప్పుడు నాకు కథకోసం పెట్టిన ఆలస్యంలా కనిపించేవి. ఇప్పుడు చదివితే ఆ ఆలస్యమే అసలు రక్షణేమో అనిపిస్తుంది. వెయ్యడం నేర్చుకున్నంత కాలమూ ఆపడం నేర్చుకోవాలి.

ఈ మాట ఒక మిత్రుల సమావేశంలో అంటే ఒకావిడ వెంటనే అడ్డుపడింది. “అయితే ఏకలవ్యుడి సంగతేమిటండీ? అధికారం, అర్హత అంటూ అదే ద్రోణుడు ఆయన బొటనవేలు కోయించలేదా?” సరైన దెబ్బ. నేర్పు, శిక్షణ, ఖర్చు అనే గోడలు పిల్లల్నే కాదు, లేనివాళ్ళనీ బయటే ఉంచుతాయి. గోడ లోపల ఉన్నవాడు ఎప్పుడూ మంచివాడే అయి ఉంటాడని ఎవరూ హామీ ఇవ్వలేదు. చవక తుపాకి ఏకలవ్యుడి తుపాకి కూడా.

దీనికి ఉదాహరణ బెర్లిన్‌కి తూర్పున, రైల్లో ఆరేడు గంటల్లోపు దూరంలోనే ఉంది. జర్మన్ ఆక్రమణలో ఉన్న వార్సాలో వాత్స్‌వావ్ జావ్రోత్నీ, సెవెరిన్ వియెలానియెర్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1943లో రహస్యంగా ఒక సబ్‌మెషీన్ గన్ రూపొందించారు. పేరు ‘బ్విస్కవీత్సా’, అంటే మెరుపు. స్టెన్‌నీ, ఎమ్‌పి 40నీ ముందు పెట్టుకుని రెండింటినుంచీ తీసుకున్నారు. చిన్న వర్క్‌షాపుల్లో దొంగచాటుగా చెయ్యాలి కాబట్టి వెల్డింగుకి బదులు మరలతో బిగించేటట్టు మార్చారు. ఏడొందలదాకా చేశారు, 1944 ఆగస్టు 1న మొదలైన తిరుగుబాటులో వాడారు. అంతకుముందే, ముట్టడిలో ఆకలితో చచ్చిపోతున్న లెనిన్‌గ్రాడ్‌లో, అలెక్సీ సుదాయెవ్ రూపొందించిన తుపాకి తయారైంది. ష్పాగిన్ చేసిన ప్రసిద్ధమైన పిపిఎష్-41కి పట్టే ఉక్కులో సగం కూడా పట్టకుండా, సగం కన్నా తక్కువ మిషన్ గంటల్లో. వార్సాలో, లెనిన్‌గ్రాడ్‌లో చవకతనాన్ని సాధించినవాళ్ళకి నేను నమస్కారం పెడతాను. అదే చవకతనాన్ని హావెల్ వంతెన దగ్గర చూస్తే కడుపులో తిప్పుతుంది. రేకూ స్ప్రింగూ ఒకటే, వార్సాలో అయితే తూటా కూడా ఒకటే. వార్సాలో పట్టుకున్నవాడు తనకై తాను పట్టుకున్నాడు, తన వీధికోసం. బెర్లిన్‌లో పట్టించారు.

తేడా అంతే అయితే సులువుగా తేలిపోయేది. తనకై తాను పట్టుకున్నవాడిక్కూడా ఇచ్చినవాడి లెక్క వేరే ఉంటుంది. మన హైదరాబాదు కుర్రాడు ఆబిద్ హసన్ సఫ్రానీ ఇదే బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదువుకుంటూ, 1941లో వచ్చిన సుభాష్ చంద్ర బోస్ వెంట నడవడానికి చదువు వదిలేశాడు. ‘జైహింద్’ అనే పలకరింపు ఆయన పుణ్యమే అంటారు. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకి బందీలుగా చిక్కిన మన సిపాయిలతో ఇక్కడ ఒక దళం కట్టారు. వాళ్ళు ఆయుధం పట్టింది భారతదేశం కోసం. ఇచ్చినవాడు వాళ్ళని హాలెండుకి, ఆ తర్వాత ఫ్రాన్సు సముద్రతీరానికి పంపాడు. 1943 ఫిబ్రవరిలో బోసూ, హసనూ జలాంతర్గామి ఎక్కి వెళ్ళిపోయాక ఇక్కడ మిగిలినవాళ్ళని 1944లో ఎస్.ఎస్. కిందికి మార్చారు. ఆ తుపాకులు భారతదేశం కోసం ఒక్కసారి కూడా పేలలేదు. తుపాకి ఎత్తడం వాళ్ళ ఇష్టమే అయినా, ఎటు తిప్పాలన్నది వాళ్ళ చేతిలో లేకుండా పోయింది.

తుపాకికి గౌరవం లేదన్న సంగతి గెలిచినవాళ్ళకీ తెలుసు. బెర్లిన్ ట్రెప్టో పార్కులో 1949లో పూర్తయిన సోవియట్ స్మారకం చూసే ఉంటారు, యెవ్‌గేనీ వుచేటిచ్ చెక్కిన బ్రహ్మాండమైన సైనికుడు. ఒక చేత్తో పసిపిల్లని ఎత్తుకుని, రెండో చేత్తో విరిగిన స్వస్తికం మీదికి కత్తి దించి నిలబడి ఉంటాడు. 1945లో బెర్లిన్‌లోకి ఏ సోవియట్ సిపాయీ కత్తితో రాలేదు, అరవై లక్షలదాకా తయారైన పిపిఎష్‌లతో వచ్చారు. మొదటి నమూనాలో తుపాకే ఉండేదనీ, స్టాలిన్ చూసి కత్తి పెట్టమన్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమెంతైనా ఆ కథలో న్యాయముంది. కత్తి అంటే నేర్పు, నేర్పు అంటే నిగ్రహం అని మనసు తనంతట తానే అనుకుంటుంది. ప్రెస్సులో నొక్కిన రేకుని చూసి ఎవరూ అలా అనుకోరు.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా మావాళ్ళలో ఎవరో ఒకరు కూరగాయల కత్తి తెస్తారు. కత్తితో వంకాయా తరగొచ్చు, గొంతూ కొయ్యొచ్చు, తప్పు కత్తిది కాదు కదా అని. దసరాకి లాప్‌టాప్‌కి కుంకుమబొట్టు పెట్టి, కారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే మనకి ఈ వాదన మరీ వింతగా ఉండాలి. ఆయుధపూజ చేసేవాడు పనిముట్టుని ఉత్త ఇనుముగా చూడడు. దానితో తన చెయ్యి ఏం చేయబోతుందో ముందుగా ఆలోచించుకునే రోజది, కనీసం అలా ఉండాల్సిన రోజు. పైగా అన్ని వస్తువులూ కూరగాయల కత్తులు కావు. ఎమ్‌పి 40 పుట్టిన ఎర్ఫుర్ట్‌లోనే టొప్ఫ్ అండ్ సన్స్ అనే కంపెనీ ఉండేది, బ్రూవరీల పరికరాలూ శ్మశానవాటికల కొలుములూ చేసేది. ఔష్విట్స్‌కి కొలుములు చేసిచ్చింది వీళ్ళే. వీళ్ళ ఇంజనీరు ఫ్రిట్స్ సాండర్ 1942లో, ఆగకుండా పనిచేస్తూ ఎక్కువ శవాల్ని కాల్చే కొలిమి ఒకటి తన చొరవతోనే రూపొందించి, పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. ఆ భవనం 2011 నుంచి స్మారక ప్రదర్శనశాల. డిజైను కాగితాలన్నీ మనం ఆఫీసులో రోజూ చూసేలాంటివే, సామర్థ్యం ఎంత, ఇంధనం ఎంత ఆదా. తుపాకి వార్సాలో ఒకటి, బెర్లిన్‌లో ఒకటి చెయ్యగలదు. ఆ కొలిమికి రెండో ఉపయోగం లేదు. కాబట్టి ‘వస్తువుది ఏమీ లేదు, వాడేవాడిదే’ అనే మాట ప్రతి వస్తువుకీ చెల్లదు, తుపాకికి సగమే చెల్లుతుంది.

చేసినవాళ్ళు చివరికి ఏమనుకున్నారు? హ్యూగో ష్మైసర్‌ని 1946లో సోవియట్‌లు ఇజెవ్‌స్క్‌కి పట్టుకెళ్ళారు, ఇతర ఇంజనీర్లతో పాటు. 1952లో తిరిగొచ్చాడు, మరుసటి ఏడాది ఎర్ఫుర్ట్‌లో పోయాడు. అదే ఇజెవ్‌స్క్‌లో జీవితంలో ఎక్కువ భాగం గడిపిన మిఖాయిల్ కలాష్నికోవ్ మాత్రం మాట్లాడాడు. 2002లో జర్మనీ వచ్చినప్పుడు, దీనికి బదులు రైతుకి పనికొచ్చేది, గడ్డి కోసే మిషన్ లాంటిది, ఏదైనా కనిపెట్టి ఉంటే బాగుండేదన్నాడు. తొంభై దాటిన వయసులో రష్యన్ చర్చి పెద్దకి ఉత్తరం రాశాడు. తన రైఫిలు ప్రాణాలు తీసింది కాబట్టి, అవి శత్రువుల ప్రాణాలే అయినా, ఆ చావుల పాపం తనకి అంటుతుందా అని. 2013 డిసెంబరులో ఆయన పోయాక ఆ ఉత్తరం పత్రికలో వచ్చింది. దేశరక్షణకి చేసిన ఆయుధం విషయంలో చర్చి చేసినవాడి పక్షానే ఉంటుందని చర్చి ప్రతినిధి జవాబు. నాకు ఆ జవాబుకన్నా ప్రశ్నే గట్టిదనిపిస్తుంది. దేశరక్షణకే చేశాడు, నిజం. దేశం దాటి ఎన్ని ఖండాలు తిరిగిందో ఆయన కళ్ళతోనే చూశాడు. వెనక్కి పిలిచే మంత్రం ఆయన దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు.

ఇవన్నీ పాత సంగతులు అనుకుందామంటే వీల్లేదు. 2022 ఫిబ్రవరి 27న, ఉక్రెయిన్ మీద దాడి మొదలైన మూడు రోజులకి, ఇదే బెర్లిన్‌లో పార్లమెంటులో నిలబడి అప్పటి ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ సైన్యానికి పదివేల కోట్ల యూరోలు ప్రకటించాడు. ఆ తర్వాత మా సాఫ్ట్‌వేరు ప్రపంచంలోకి రక్షణరంగం ఉద్యోగాలు వరదలా వచ్చాయి. నాకు తెలిసిన ఒక వరంగల్లు కుర్రాడికి అలాంటి కంపెనీ ఒకటి మంచి జీతంతో కబురు పెట్టింది. ఒక ఆదివారం ఇంటికొచ్చి అడిగాడు.

“అన్నా, ఏం చేద్దామంటవ్? డ్రోన్ పంపే వీడియోల ఏమున్నదో గుర్తుపట్టే పని. తుపాకి చేసుడు కాదు గదా.”

“చేరొద్దని చెప్పలేనురా. బాంబుల కింద ఉన్నవాడికి సాయం చెయ్యొద్దనే ధైర్యం నాకు లేదు. కానీ ఇంటర్వ్యూలో వాళ్ళు నిన్నడిగేవి అయ్యాక నువ్వు రెండడుగు. ఇవాళ మనిషి చేస్తున్న ఏ పని మీ ప్రోగ్రాము వచ్చాక అక్కర్లేకుండా పోతుంది? అమ్మాక ఎవరి చేతిలో ఉందో తెలిసి ఆపే వీలు మీకుంటుందా?”

“గివి అడిగితే తీసుకుంటరా అన్నా?” అని నవ్వాడు.

అడిగాడు. రెండోదానికి ఎగుమతి చట్టాలు చాలా కఠినమని చెప్పి, అక్కడితో ఆపారట. మొదటి ప్రశ్న చాలా మంచి ప్రశ్న అన్నారట. బొమ్మలు గంటలకొద్దీ చూసే మనిషి అలిసిపోతాడు, అనుమానపడతాడు, ఇంకొకర్ని పిలిచి అడుగుతాడు, తమ ప్రోగ్రాము వస్తే అతని మీద ఆ భారం తగ్గుతుంది అన్నారట. కుర్రాడు ఆ మాట నాకు రెండుసార్లు చెప్పాడు, ‘అనుమానం’ దగ్గర కొంచెం ఆగి.

ఆఫరు వచ్చింది. సంతకం చెయ్యడానికి నెలాఖరు దాకా గడువిచ్చారు. మొన్న ఫోన్ చేస్తే బాబుకి జ్వరమనీ, కిండర్‌గార్టెన్‌లో అందరికీ వచ్చిందనీ చెప్పాడు. ఆఫరు సంగతి తను ఎత్తలేదు, నేనూ అడగలేదు.